శాగ్ ఉంచి కట్టండి: మా తోటలో స్లాక్‌లైన్ కట్టే పద్ధతి

నేను కరెంటు లైన్‌మ్యాన్‌ని. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. పదిహేనేళ్ళుగా స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ లాగడమే నా పని. మూడేళ్ళ కిందట మా మేనల్లుడు బెంగళూరు నుంచి స్లాక్‌లైన్ కిట్ తెచ్చి, తోటలో రెండు చెట్ల మధ్య పట్టీ కట్టి దాని మీద నడుస్తానన్నాడు. అందరూ వాడి కాళ్ళు చూస్తుంటే నేను పట్టీ కొసలు ఎక్కడ కట్టాడో చూశాను. రెండూ కొబ్బరి చెట్లకే. నడుమెత్తున, వేలితో మీటితే ఖంగుమనేంత బిగువుగా కట్టాడు.

"ఇంకో రెండు పళ్ళు బిగించేమంటావేటి మావయ్యా?" అన్నాడు.

"ముందు విప్పరా" అన్నాను.

విప్పేటప్పుడే దెబ్బ తగిలింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడు మా ఊరి పిల్లలు పది పన్నెండు మంది ఆదివారం ఆదివారం ఆ తోటలోనే నడుస్తున్నారు. కట్టేది మాత్రం మేమిద్దరమే. ఎలా కడతామో, ఎందుకలా కడతామో ఇక్కడ రాస్తున్నాను.

ఊరూరా తిరిగే ఆటగాళ్ళు నడిచే తాడు వేరు. దాన్ని కదలకుండా బిగిస్తారు, చేతిలో గడ పట్టుకుంటారు. స్లాక్‌లైన్ చదునైన పట్టీ. కాలు పెడితే దిగుతుంది, పక్కలకు ఊగుతుంది, గడ ఉండదు, రెండు చేతులే గడ. ఆ దిగడాన్ని మా పనిలో శాగ్ అంటాం. కరెంటు తీగ లాగేటప్పుడు శాగ్ లేకుండా లాగేశామంటే చలికాలంలో తీగ ముడుచుకుని స్తంభాన్ని వంచుతుంది, లేదా తెగుతుంది. స్లాక్‌లైన్‌కి కూడా సరిగ్గా ఇదే సూత్రం. పట్టీ ఎంత బిగువుగా ఉంటే అంత భద్రం అని పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు.

పెరట్లో బట్టల తీగ ఉంది కదా, చేత్తో చూడండి. వదులుగా ఉన్న తీగ మధ్యలో తడి దుప్పటి వేస్తే తీగ దిగుతుంది, మేకు నిలబడుతుంది. అదే తీగను పట్టుకారుతో బిర్రుగా బిగించి అదే దుప్పటి వెయ్యండి. గోడలోంచి మేకు ఊడొస్తుంది. దుప్పటి బరువు మారలేదు. తీగ దిగడానికి చోటు లేక ఆ బరువు పక్కకు లాగుడుగా మారింది.

దీనికి లెక్క ఉంది, నోటితోనే కట్టొచ్చు. మధ్యలో నిలబడ్డ మనిషి బరువును రెండు చెట్ల మధ్య దూరంతో గుణించండి. వచ్చినదాన్ని శాగ్‌కి నాలుగింతలతో భాగించండి. ఒక్కో చెట్టు మీద పడే లాగుడు సుమారుగా అదే. అరవై కిలోల మనిషి, పన్నెండు మీటర్ల దూరం, మనిషి నిలబడ్డప్పుడు పట్టీ అరవై సెంటీమీటర్లు దిగిందనుకోండి. లాగుడు 300 కిలోలు. ముప్పై సెంటీమీటర్లే దిగేలా బిగిస్తే 600 కిలోలు. పదిహేనే దిగేలా బిగిస్తే 1,200 కిలోలు. మనిషి అదే మనిషి. ఇది కదలకుండా నిలబడ్డప్పటి లెక్క. ఎగిరితే రెండింతలు కూడా దాటొచ్చు. ఆ మొదటి రోజు మా వాడు కట్టిన లైను పావు మీటరు కూడా దిగేది కాదు.

శాగ్ కొలవడానికి తాపీమేస్త్రీ నూలు చాలు. రెండు చెట్ల దగ్గరా పట్టీ మొదలయ్యే చోట్ల మధ్య నూలు లాగి కట్టండి. మీలో బరువైన మనిషిని మధ్యలో నిలబెట్టి, నూలు నుంచి పట్టీ దాకా టేపు పెట్టండి. పన్నెండు మీటర్ల లైనుకి నేను యాభై, అరవై సెంటీమీటర్లు ఉంచుతాను. అంత దిగినా కాలు నేలకు తగలకూడదు కాబట్టి చెట్టుకు కట్టే ఎత్తు ఎనభై సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చిన్నపిల్లలు నేర్చుకునేటప్పుడు ఎనిమిది మీటర్లే కట్టి ఇంకా కిందికి దించుతాం.

ఇక చెట్టు. నా దృష్టిలో సగం పని ఇదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తర్వాత వారాల తరబడి పడిపోయిన స్తంభాలు లేపుతూ ఊరూరా తిరిగాను. పడిన కొబ్బరి చెట్లు ఎన్ని చూశానో లెక్క లేదు. చాలావాటిని గాలి మొదలంటా పెకలించేసింది. కింద చీపురు కట్టలాంటి వేళ్ళ గుత్తి, దాన్ని పట్టుకుని ఇంత ఇసక. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మాది ఇసక నేల. అలాంటి చెట్టును వారం వారం ఒకే పక్కకు ఐదారు వందల కిలోలతో లాగితే వేరు కదులుతుంది. కదిలిన సంగతి ఆ రోజు తెలియదు, వచ్చే తుపానుకు తెలుస్తుంది.

కొబ్బరి వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మామిడికి గాయమైతే అంచుల నుంచి కొత్త బెరడు మెల్లగా కమ్ముకొస్తుంది. కొబ్బరికి అలా కమ్ముకునే పొర లేదు. పట్టీ ఒరిసిన చోటు చెట్టున్నన్నాళ్ళూ ఒరిసినట్టే ఉంటుంది. ఆ పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. ఆ పురుగు పడితే చెట్టు ఏమవుతుందో ఉద్దానం రైతుకు చెప్పక్కర్లేదు. తిత్లీ తర్వాత మొక్క నాటి, కాపు కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి చెట్టుకు మన ఆట కోసం గాయం చెయ్యకూడదు.

మరి దేనికి కట్టాలి? చింత దొరికితే చింతకే కట్టండి. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చింతమానే కదా. పూజారిని కొసన కూర్చోబెట్టి అంతెత్తున లేపి ఊరేగించే బరువును అది మోస్తుంది. బాగా ముదిరిన మామిడి కూడా మంచిదే. జీడి మా దగ్గర ఎక్కువే గాని మాను పొట్టి, కొమ్మ పెళుసు, పైగా కాండం తొలిచే పురుగు బెడద. మాను అడుగున పొట్టు రాలినట్టు, బంక కారినట్టు కనిపిస్తే లోపల గుల్ల అయి ఉంటుంది. అలాంటి చెట్టు జోలికి పోకండి.

ఏ చెట్టయినా మీటరు చుట్టుకొలతకు తక్కువ ఉంటే వదిలెయ్యండి. రాయితో మాను చుట్టూ కొట్టి వినండి. గట్టి మాను ఒకే చప్పుడు చేస్తుంది, గుల్ల ఉన్న చోట చప్పుడు మారుతుంది. చెదపుట్ట, మొదట్లో పుట్టగొడుగులు, ఎండు కొమ్మలు ఉన్నాయా చూడండి. పెద్ద వాన పడ్డాక నేల ఆరేదాకా కట్టకండి.

కరెంటు స్తంభానికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి. సిమెంటు స్తంభం నిలువు బరువుకూ గాలికీ నిలబడుతుంది. ఏడాది పొడవునా పక్కకు లాగుడు ఉండే చోట మేమే దానికి స్టే, అంటే స్తంభం నుంచి నేలలోకి ఏటవాలుగా బిగించే తీగ, వేస్తాం. మీ లైను లాగితే స్తంభం వంగి పై తీగలు కలుస్తాయి, అప్పుడు అక్కడున్న పిల్లలందరికీ ప్రమాదం. స్టే వైరుకూ కట్టకండి. కరెంటు లైను కింద గాని, దాని పక్కన గాని అసలు ఈ ఆటే వద్దు. బడి వరండా స్తంభాలు, గోల్‌పోస్టులు, ఇటుక గోడలో బిగించిన కొక్కేలు కూడా ఈ లాగుడుకు చేసినవి కావు.

సామాను విషయానికొస్తే, మొదట కొనేవాళ్ళకు యాభై మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, రాట్చెట్ (పిడి ఆడించి పట్టీని బిగించే పళ్ళచక్రం) ఉన్న పదిహేను మీటర్ల కిట్ చాలు. మా పట్టీ మీద 40 కిలోన్యూటన్లు అని ఉంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల లాగుడు, కాబట్టి తెగే బరువు నాలుగు టన్నులు. దానిలో ఐదో వంతు, అంటే 800 కిలోలు, నా హద్దు. పట్టీ, రాట్చెట్, స్లింగ్ (చెట్టు చుట్టూ వేసే పట్టీ), షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం), అన్నిటి మీదా అంకె చూసి, అన్నిటికన్నా చిన్న అంకెతోనే లెక్క కట్టాలి. అంకె లేని సామాను కొనకండి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న మాట. పోయినేడు ఇంకో లైను కావాలని పిల్లలు అడిగితే, హైవే పక్క ఓ దుకాణంలో లారీ సరుకు బిగించే బెల్టు తెచ్చాను. చీటీ లేదు, అంకె లేదు, చూడ్డానికి దిట్టంగా ఉంది. రెండో వారం మా మేనల్లుడు మధ్యలో కూర్చుని ఊగుతుంటే మడత కుట్టు విడిపోయింది. ఒక్కో కుట్టూ టపటపా తెగడం వినిపించింది. వాడు నేల మీద కూలబడ్డాడు, దెబ్బ తగల్లేదు. ఇనుప రాట్చెట్ మాత్రం విసురుగా ఎగిరి అటువైపు మామిడి మొదలుకు కొట్టుకుంది. బెరడులో అరంగుళం లోతు గంటు పడింది. ఆ గంటు మా చిన్న పిల్లల మోకాలి ఎత్తులో ఉంది. ఇప్పటికీ వచ్చిన ప్రతి కొత్త పిల్లవాడికీ దాన్ని వేలు పెట్టి చూడమంటాను.

అప్పటి నుంచి రాట్చెట్‌కి విడిగా ఒక తాడు కడుతున్నాం. రాట్చెట్ కన్నంలోంచి దూర్చి, చెట్టు చుట్టూ తిప్పి, కొంచెం వదులుగా ముడి వేస్తాం. పట్టీ తెగినా ఇనుము మనుషుల మీదికి రాదు.

కట్టే వరుస ఇది. ముందు మానుకు కొబ్బరి పీచు మందంగా పరిచి, మీద గోనెసంచి చుట్టండి. ఒక్క లాగే వైపే కాదు, పట్టీ తగిలినంత మేరా ఉండాలి. దాని మీద స్లింగ్. స్లింగ్ పొడవు కాస్త ఎక్కువే తీసుకోండి. పొట్టి స్లింగ్ చెట్టును బిర్రుగా కౌగిలించుకుంటే రెండు కాళ్ళ మధ్య కోణం తెరుచుకుంటుంది. ఆ కోణం 120 డిగ్రీలైతే లైను లాగుడు మొత్తం ఒక్కో కాలి మీదా పడుతుంది. పొడవు స్లింగ్ ముందుకు సన్నగా సాగి, లాగుడును చెరి సగం పంచుకుంటుంది. షాకిల్ పిన్ను లైను ఊపుకు విప్పుకుంటుంది కాబట్టి మేము సన్న తీగతో కట్టేస్తాం. కారాబైనర్ (స్ప్రింగు మూత ఉన్న కొక్కెం) వాడితే పొడవునా లాగుడు పడాలి, మూడు వైపుల నుంచి లాగకూడదు. పట్టీలో ముడి వెయ్యకండి. ముడి పడ్డ చోట బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది.

రాట్చెట్‌ను పిడి నేల వైపు ఉండేలా పెట్టండి. పట్టీని ముందు చేత్తో ఎంత లాగొచ్చో అంతా లాగెయ్యండి. అప్పుడు రాట్చెట్ ఇరుసు మీద రెండు మూడు చుట్లకు మించి పడవు. చుట్లు ఎక్కువైతే పట్టీ ఒక పక్కకు జరిగి ఇరుక్కుంటుంది, విప్పడం నరకం. పిడిని ఒక్క మనిషి చేత్తోనే తిప్పాలి. ఇద్దరు కలిసి లాగడం, పిడికి గొట్టం తొడిగి లాగడం మొదలైందంటే మీరు హద్దు దాటేశారు. చివర పిడిని పూర్తిగా మూసి, తాళం పడిందో లేదో చూడండి. లైను గాలికి దడదడలాడుతుంటే మధ్యలో ఒక సగం మెలిక తిప్పి కట్టండి, ఆగుతుంది.

ఇప్పుడు ఎల్‌సీ. మా పనిలో లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపేశాం, ఎక్కొచ్చు అన్న మాట, ఇవ్వకుండా ఎవరూ స్తంభం ఎక్కరు. తోటలోనూ అదే పెట్టాను. కట్టింది నేనైతే మేనల్లుడు రెండు చెట్ల దగ్గరికీ నడిచి, గోనె, స్లింగ్, పిన్ను, రాట్చెట్, వెనక తాడు, ఒక్కోదాన్ని చేత్తో ముట్టి పైకి పేరు చెప్తాడు. చివర "ఎల్‌సీ ఇచ్చాను" అంటాడు. వాడు కడితే నేను. ఆ తర్వాత కూడా మొదట ఎక్కేది పెద్దవాళ్ళే. మధ్యలో కూర్చుని నాలుగైదు సార్లు ఊగి, దిగి, మళ్ళీ బిగువు చూస్తాం. ఒకసారి ఒక పిల్ల, ఎనిమిదో తరగతి, మేం ముట్టడం చూస్తూ ఉండి "మావయ్యా, ఆ పిన్నుకి తీగ కట్టలేదేటి?" అంది. నిజంగానే కట్టలేదు. పోయినేడాది అంతటిలో నాకు బాగా సంతోషం కలిగిన మాట అదే.

నడక గురించి పెద్దగా రాయను, అది పట్టీయే నేర్పుతుంది. చెప్పుల్లేకుండా, పట్టీ పొడవునా పాదం పెట్టి, అటువైపు చెట్టు మీద చూపు నిలిపి, మోకాలు కొంచెం వంచి నిలబడండి. పడబోతుంటే పట్టీని పట్టుకోవాలని చూడకండి, పక్కకు దిగెయ్యండి. కింద రాయి, గాజుపెంకు, పైకి తేలిన వేరు ఉండకూడదు. లైనుకు రంగు గుడ్డ పీలికలు కట్టండి. మునిమాపు వేళ అది కంటికి ఆనదు, ఆవులూ బైకులూ వచ్చి తగులుకుంటాయి. భోజనానికి వెళ్ళినా విప్పి వెళ్ళాలి.

విప్పడంలోనే మా వాడికి మొదటి రోజు బొటనవేలి గోరు ఊడింది. రాట్చెట్ విప్పాలంటే పిడిని పూర్తిగా వెనక్కి, 180 డిగ్రీలు తెరవాలి. ఆ క్షణంలో మొత్తం బిగువు ఒక్కసారిగా వదులుతుంది. పిడి చేతిలోంచి కొట్టేసుకుపోతుంది. కాబట్టి అందరినీ పక్కకు పంపండి, లైను వరసలో ఎవరూ నిలబడకూడదు. పిడిలో తాళం విప్పే నాలుకను లాగే వేళ్ళు తప్ప మిగతా వేళ్ళేవీ ఇరుసు దగ్గర ఉండకూడదు. శాగ్ ఎక్కువ ఉంచి కడితే ఈ విసురూ తక్కువే ఉంటుంది.

చెట్లు లేని చోట, బారువ బీచ్ లాంటి ఇసకలో, మేం స్టే పాతినట్టే పాతుతాం. నాలుగడుగుల సరుగుడు దుంగకు మధ్యలో స్లింగ్ చుట్టి, మూడున్నర అడుగుల గోతిలో లైనుకు అడ్డంగా పడుకోబెట్టి, స్లింగ్ బయటికి రావడానికి ఏటవాలు గాడి తీసి, ఇసక తడిపి తొక్కుతూ పూడుస్తాం. దుంగ ముందు వైపు ఇసకను కదపకూడదు, పట్టు అంతా అక్కడే. లైను ఎత్తు కోసం కత్తెరలా కట్టిన రెండు కర్రల మీదుగా పట్టీ పోనిస్తాం. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా మాత్రం మేం బీచ్‌కి వెళ్ళం. అది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఆ ఇసకలో గోతులు తవ్వకూడదు.

ఇక హైలైన్, అంటే రెండు కొండల మధ్య కట్టే లైను. వీడియోలు చూసి మా పిల్లలూ అడుగుతారు. అమెరికాలో యోసెమిటీ లోయలో 1985లో స్కాట్ బాల్కమ్ లాస్ట్ యారో శిఖరానికి లైను మీద నడిచి దాటాడు. వాళ్ళంతా అంతకుముందు ఏళ్ళ తరబడి రాళ్ళెక్కినవాళ్ళు, కొండలో మేకు దిగ్గొట్టడం చేతితో తెలిసినవాళ్ళు. నేను హైలైన్ కట్టను. కట్టగలిగినవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో మాత్రం చెప్తాను.

పట్టీలు రెండుండాలి. నడిచేది ఒకటి, దాని కింద వదులుగా వేలాడుతూ వేరే బిగింపుకు కట్టిన రెండోది ఒకటి. కొండకు ఒక్క బోల్టు మీద ఆధారపడిన లైను మీదికి వెళ్ళకండి. ఏది ఊడినా ఇంకోటి మోయాలి. రాట్చెట్ కనిపిస్తే వెనక్కి వచ్చెయ్యండి. హైలైన్‌లో పట్టీ కొసను ముడి లేకుండా వెబ్‌లాక్ అనే బిగింపు సామానులో పట్టి ఉంచుతారు, కప్పీలతో బిగిస్తారు. రాయి అంచుకు పట్టీ తగిలే చోట మందపాటి మెత్త ఉండాలి. నడిచే మనిషి నడుము హార్నెస్‌కి లీష్ తాడును కారాబైనర్‌తో తగిలించకుండా ఎనిమిది అంకెలా ఉండే ముడితో నేరుగా కడతారు. అది రెండు పట్టీలనూ చుట్టిన ఇనుప రింగుకు చేరుతుంది. పడ్డాక చెయ్యి చాస్తే లైను అందేంతే దాని పొడవు. మా స్తంభాలెక్కే సేఫ్టీ బెల్టు దీనికి పనికిరాదు. అది వేరే పనికి చేసినది. మధ్యలో చిక్కుకున్న మనిషిని ఎలా తెస్తారని ముందే అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే ఎక్కకండి. రామతీర్థం కొండల్లాంటి చోట్ల బోల్టు దిగ్గొట్టాలన్న ఆలోచన కూడా వద్దు. అవి వందల ఏళ్ళ నాటి బౌద్ధుల కట్టడాలున్న రక్షిత స్థలాలు.

మా లైను నేలకు దగ్గరగానే ఉంటుంది, దానికి చెయ్యాల్సిన చాకిరీ చివరి దాకా చేస్తాం. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు గాలికి రాట్చెట్ తుప్పు పడుతుంది. నెలకోసారి మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఇరుసుకు చుక్క నూనె వేస్తాం. నూనె పట్టీకి తగలనివ్వం. పట్టీ నీడలోనే ఆరాలి, ఎండ నూలును తినేస్తుంది. చుట్టే ముందు వేళ్ళ మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగుతూ అంచులు చూస్తాం. అంచు నూలు తెగి ఉంటే, ఒక చోట గట్టిపడి మెరుస్తూ ఉంటే ఆ పట్టీ ఇక లైనుకు పనికిరాదు. మేం దాన్ని అక్కడికక్కడే కత్తితో ముక్కలు చేస్తాం, ఇంకెవరూ తీసి కట్టకుండా.

అన్నీ సంచిలో పెట్టాక చెట్ల దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్తాను. గోనె ఉన్న చోట బెరడు మీద అరచెయ్యి వేసి చూస్తాను. తడి తగిలితే, పొట్టు రాలితే, ఆ చెట్టుకు ఆ వానాకాలం అంతా సెలవు.